పాటలు తీసేసిన ఒపెరా: రొస్సీని పుట్టినరోజు కచేరీలో ఏం వింటున్నాం?

రొస్సీని ఒపెరా 'సీన్యోర్ బ్రుస్కీనో' ఓవర్చర్, అంటే తెర లేవకముందు వాద్యాలు మాత్రమే వినిపించే సంగీతం, మొదలైన కాసేపటికే రెండో వయొలిన్ల వరసలో ఓ చిత్రం జరుగుతుంది. ఆ వరసలో ఉన్నవాళ్లంతా తీగల మీద నుంచి కమాను ఎత్తి, ఎదురుగా ఉన్న మ్యూజిక్ స్టాండు మీద టకటకమని కొడతారు. కొట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ వాయించుకుంటూ పోతారు. కాసేపాగి మళ్లీ టకటక. మొదటిసారి వింటున్నవాళ్లు ఎవరిదో వస్తువు కింద పడిందేమోనని తల తిప్పి చూస్తారు. రెండోసారికి నవ్వుతారు.

1813 జనవరిలో వెనిస్‌లో ఈ ఒపెరా తొలిసారి ఆడినప్పుడు ఆ స్టాండ్లకు కొవ్వొత్తులుండేవి, కొవ్వొత్తి వెలుగు చెదరకుండా ఓ రేకు డిప్ప ఉండేది. కమానుతో కొట్టింది ఆ రేకునే. ఇప్పుడు రేకూ లేదు, కొవ్వొత్తీ లేదు. పైగా మంచి కమాను ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి దాన్ని ఇనప స్టాండు మీద కొట్టడానికి ఎవరికీ చేతులు రావు. కొందరు ఇంట్లో పడి ఉన్న చవక కమాను తెచ్చుకుంటారు. కొందరు పెన్సిలుతో కానిచ్చేస్తారు. ఒపెరా హాల్లో అయితే ఈ తతంగమంతా వేదిక ముందున్న గోతిలో, ప్రేక్షకుల కంటికి ఆనకుండా జరిగిపోతుంది. రొస్సీని కాలంలో ఆర్కెస్ట్రా గోతిలో కాదు, హాలు మట్టంలోనే కూర్చునేది. జనం ఆ చిలిపితనాన్ని కళ్లారా చూసేవారు. అంటే వాద్యకారులు వేదిక ఎక్కి కూర్చునే నేటి కచేరీ, ఈ ఒక్క విషయంలో, ఒపెరా హాలు కన్నా పాతకాలానికి దగ్గరగా ఉందన్నమాట.

ఏటా ఫిబ్రవరి ఆఖర్లో, మార్చి మొదట్లో ఇలాంటి ఓవర్చర్లు వరసగా పేర్చిన కచేరీలు ఇటలీలోనూ బయటా జరుగుతుంటాయి. సందర్భం ఇటలీ ఒపెరా స్వరకర్త జోవాకీనో రొస్సీని పుట్టినరోజు. ఆయన పుట్టింది 1792 ఫిబ్రవరి 29న, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న పెసారోలో. మన దగ్గర అధిక మాసంలో పుట్టినవాళ్లు నిజ మాసంలో తిథి చూసుకుని సర్దుకున్నట్టే, ఆయన అభిమానులూ మామూలు ఏడాదుల్లో ముందు రోజుతోనో తర్వాతి రోజుతోనో సరిపెట్టుకుంటారు. పెసారో వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, లీపు కాని ఏడాదుల్లో 'పుట్టినరోజు కాని రోజు' అన్న పేరుతోనే వేడుక చేసిన సందర్భాలున్నాయి.

ఇందులో ఓ మెలిక కూడా ఉంది. రొస్సీని పుట్టేనాటికి పెసారో పోపు పాలనలోని ఊరు. నాలుగు వందలతో భాగించబడని శతాబ్దపు ఏడాదికి లీపు రోజు ఉండకూడదని 1582లో నిర్ణయించిందీ ఓ పోపే. ఆ లెక్కన 1800లో ఫిబ్రవరి 29 రాలేదు. నాలుగో ఏట మొదటి పుట్టినరోజు చేసుకున్న పిల్లవాడికి రెండోది పన్నెండో ఏట గానీ దక్కలేదు. 1868 నవంబరు 13న, 76 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసేనాటికి అసలైన పుట్టినరోజులు పద్దెనిమిదే గడిచాయి. చివరిది అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చింది. ఆ నెలలోనే పారిస్ ఒపెరాలో ఆయన 'విలియం టెల్' 500వ ప్రదర్శన పూర్తయింది. ఇదే లెక్క సాగదీస్తే 2024లో వచ్చింది 56వ పుట్టినరోజు. ఆ ఏడాది పెసారో ఇటలీ సాంస్కృతిక రాజధాని కూడా. ఊళ్లో ఆయన పేరున వీధి ఉంది, థియేటరుంది, ఆర్కెస్ట్రాలున్నాయి, సంగీత కళాశాల ఉంది. ఉడికించిన గుడ్డు ముక్కలు, మయొనేజ్ వేసిన పిజ్జాక్కూడా ఆయన పేరే పెట్టుకున్నారు. తిండి విషయంలో ఎంతో పట్టింపున్న ఆ మనిషి దాన్ని ముట్టుకునేవాడా అన్నది వేరే సంగతి.

అసలు చిక్కు తేదీలో లేదు, సంగీతంలో ఉంది. బీథోవెన్ పుట్టినరోజుకు ఆర్కెస్ట్రా కచేరీ పెట్టాలంటే తొమ్మిది సింఫనీలున్నాయి, కాన్‌చెర్టోలున్నాయి. ఇటాలియన్ ఒపెరా స్వరకర్తల సంగతి అలా కాదు. వాళ్ల జీవితమంతా గొంతుల కోసం, రంగస్థలం కోసం రాయడంలోనే గడిచిపోయింది. వెర్దీ సింఫనీ రాయలేదు. గాత్రం లేని పెద్ద రచనల్లో ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1873లో నాలుగు తంత్రీ వాద్యాలకు రాసిన చతుష్టయం (స్ట్రింగ్ క్వార్టెట్) ఒక్కటే. పుచ్చీని ఆర్కెస్ట్రాకు రాసినవి చదువుకునే రోజుల నాటి చిన్న రచనలు. మరి నాటకమూ రంగాలంకరణా లేకుండా, ఆర్కెస్ట్రా వేదికెక్కి ఇలాంటివాళ్ల పుట్టినరోజు చేయాలంటే ఏం వాయించాలి? వెర్దీ విషయంలో చాలాసార్లు జవాబు, గాయకులు తప్పనిదే అయినా, ఆయన 'రెక్వియెం'. అది చావు మీద రాసిన సంగీతమైనా పుట్టినరోజుకు పనికొస్తోంది. 2013 అక్టోబరు 10న, వెర్దీ 200వ పుట్టినరోజు నాడు, కండక్టరు రికార్డో ముతీ షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో చేయించింది దాన్నే. రొస్సీని విషయంలో మాత్రం ఆలోచించాల్సిన పనే లేదు. ఓవర్చర్లున్నాయి కదా.

ఆ 'ఉన్నాయి కదా' అన్న మాట వెనకాలే అసలు కథంతా ఉంది.

'బార్బర్ ఆఫ్ సెవిల్' ఓవర్చర్ తీసుకోండి. ఒపెరా గడప తొక్కనివాళ్లు కూడా ఎక్కడో ఒకచోట, ప్రకటనలోనో కార్టూనులోనో, విని ఉంటారు. వినగానే మంగలి ఫిగరో గడుసుతనం, ముసలి డాక్టరుకు టోపీ పెట్టడం, అన్నీ అందులో ఉన్నట్టే అనిపిస్తుంది. తీరా చూస్తే ఆ సంగీతానికి మంగలితో ఏ సంబంధమూ లేదు. 1813 డిసెంబరులో మిలాన్‌లో ఆడిన 'అవ్రెలియానో ఇన్ పాల్మీరా' కోసం రాసింది అది. రోమన్ చక్రవర్తి సిరియా ఎడారిలో రాణి జెనోబియా మీదికి దండెత్తే కథ. రెండేళ్లకు నేపుల్స్‌లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ కథకు రొస్సీని దాన్నే, కొద్దిగా మెరుగులు దిద్ది, వాడుకున్నాడు. 1816 ఫిబ్రవరి 20న రోమ్‌లో 'బార్బర్' తెర లేచాక ఆ సంగీతం మంగలి పాలయింది, అక్కడే స్థిరపడింది. యుద్ధం, రాచరికం, క్షౌరశాల, మూడింటికీ ఒకటే తలుపు. మనం అందులో వినే హాస్యాన్ని సంగీతం మోసుకురాలేదు. కథ తెలిసిన మన చెవులు దానికి అంటించాయి.

దీన్ని బద్ధకమని కొట్టిపారేసినవాళ్లున్నారు. ఆనాటి ఇటలీ థియేటర్లు ఎలా నడిచేవో చూస్తే అది బద్ధకం కాదు, బతుకుతెరువని తెలుస్తుంది. థియేటరు గుత్తకు తీసుకున్న వ్యాపారి సీజనుకు కొత్త ఒపెరా కావాలనేవాడు. 'బార్బర్' మొత్తం మూడు వారాల లోపే తయారైంది. రాయడంతో పని అయిపోదు. గాయకులకు పాటలు నేర్పాలి. మొదటి మూడు రాత్రులు స్వరకర్తే కీబోర్డు దగ్గర కూర్చుని నడిపించాలి. ఆపైన మరో ఊరికి, మరో ఒప్పందానికి. ఈ ఊళ్లో ఆడింది ఆ ఊళ్లో విన్నవాళ్లు అరుదు. రికార్డింగులు లేవు, కాపీరైటు రక్షణ పెద్దగా లేదు. మిలాన్‌లో సరిగా ఆడని ఒపెరాలోని మంచి ఓవర్చర్‌ను రోమ్‌లో బయటికి తీస్తే తప్పు పట్టేదెవరు?

థియేటరు లోపలి వాతావరణం కూడా అలాంటిదే. దీపాలు ఆర్పే అలవాటు లేదు. బాక్సుల్లో కూర్చున్నవాళ్లు కబుర్లాడుకునేవారు, భోంచేసేవారు. మిలాన్, నేపుల్స్ థియేటర్లలో నడవాల్లో జూదం బల్లలుండేవి. ఆ రెండుచోట్లా జూదం మీద బాగుపడిన బార్బాయా అనే వ్యాపారే తర్వాత రొస్సీనిని నేపుల్స్‌కు పిలిపించుకున్నాడు. అలాంటి హాల్లో ఓవర్చర్ చేయాల్సిన పని కథ చెప్పడం కాదు. నోళ్లు మూయించడం, అందర్నీ కుర్చీల్లోకి రప్పించడం. అందుకే మొదట గట్టిగా రెండు మోతలు, తర్వాత చెవి ఒగ్గి వినాల్సినంత మెత్తని నెమ్మది భాగం, ఆపైన పరుగు. ఆ పరుగులో వయొలిన్లది ఒక వరస, ఓబో, క్లారినెట్ లాంటి గాలి వాద్యాలది ఇంకో వరస. సింఫనీల్లోలాగా ఆ రెంటినీ విడగొట్టి, పీకి, కొత్త అర్థాలు లాగే భాగం ఉండదు. రెంటినీ ఒకసారి వినిపించి, మళ్లీ వినిపించి, ముగింపు వైపు తోలేస్తాడు. ఆ ముగింపుకు ముందు వచ్చేదే రొస్సీనికి 'సీన్యోర్ క్రెషెండో' అన్న ముద్దుపేరు తెచ్చిన విద్య.

క్రెషెండో అంటే శబ్దం క్రమంగా పెరగడం. అది రొస్సీని కనిపెట్టింది కాదు, అంతకుముందూ ఉంది. ఆయన చేసింది దాన్నొక యంత్రంలా బిగించడం. ముందు ఓ చిన్న స్వరగుచ్ఛం తీసుకుంటాడు. అందులో పెద్ద విశేషమేమీ ఉండదు, రెండు శ్రుతుల మధ్య ఊగులాట అంతే. మొదటి చుట్టులో వయొలిన్లు మాత్రమే, కమానును తీగల వంతెనకు దగ్గరగా పెట్టి, గుసగుసలాడినట్టు వాయిస్తాయి. రెండో చుట్టులో అదే గుచ్ఛం, అవే స్వరాలు, కాకపోతే క్లారినెట్లూ ఫ్లూట్లూ చేరతాయి, పైస్థాయి తెరుచుకుంటుంది. మూడో చుట్టుకు హార్న్‌లు, ట్రంపెట్లు, డ్రమ్ములు. ఊళ్లో భజన ఒక ముసలాయన గొంతుతో మొదలై, చరణం చరణానికీ గొంతులు చేరి, తాళాలు చేరి, చివరికి గుడి కప్పు ఎగిరిపోయేలా అవుతుంది చూడండి, ఇంచుమించు అలాంటిదే. తేడా ఎక్కడంటే, భజనలో వేగం కూడా పెరుగుతుంది. రొస్సీని క్రెషెండోలో పెరగకూడదు. శబ్దం పెరుగుతున్నకొద్దీ వేళ్లు వాటంతటవే ఉరకాలని చూస్తాయి. పగ్గం పట్టుకుని ఉంచడమే కండక్టరు పని. మొదటి చుట్టులోనే కాస్త గట్టిగా వాయించారంటే మూడో చుట్టుకు ఇవ్వడానికి ఏమీ మిగలదు. చెత్త ఆర్కెస్ట్రాకూ మంచి ఆర్కెస్ట్రాకూ తేడా ఇక్కడ మూడు నిమిషాల్లో బయటపడుతుంది.

వేదికెక్కితే ఇంకో లాభం కూడా ఉంది. ఒపెరా హాల్లో ఈ పెరుగుదల చెవికి మాత్రమే తెలుస్తుంది. కచేరీలో కంటికీ కనిపిస్తుంది. ముందు ఎడమవైపు కమానులు మాత్రమే కదులుతుంటాయి. కదలిక మెల్లగా మధ్యకు పాకి, వెనక వరసల్లో ఇత్తడి వాద్యాలు పైకి లేచి, చివరికి మూలనున్న డ్రమ్ము దాకా వేదికంతా అంటుకుంటుంది.

గొంతులను నమ్ముకుని బతికిన ఇటలీలో ఈయన వాద్యాల మీద ఇంత మనసు పెట్టడానికి ఇంటి వాతావరణం కొంత కారణం. తల్లి ఒపెరా గాయని. తండ్రి హార్న్, ట్రంపెట్ వాయించేవాడు, పెసారో నగర బాకాదారు, దాంతోపాటు ఊరి కబేళా తనిఖీ ఉద్యోగం కూడా. కుర్రవాడు బొలోన్యా సంగీత పాఠశాలలో జర్మన్ భాషవాళ్లైన హైడ్న్, మోత్సార్ట్ స్వరపత్రాలు పట్టుకు తిరిగితే తోటివాళ్లు 'చిన్న జర్మన్' అని వెక్కిరించారు. 1804లో, పన్నెండేళ్ల వయసులో, అంటే ఆ ఆలస్యమైన రెండో పుట్టినరోజు వచ్చిన ఏడాదే, రవెన్నా దగ్గర ఓ మిత్రుడి ఇంట్లో రెండు వయొలిన్లు, ఓ చెల్లో, ఓ డబుల్ బేస్ కోసం ఆరు సొనాటాలు రాశాడు. మూడు రోజుల్లో రాశాననీ, నలుగురం కలిసి కుక్కల్లా వాయించామనీ, నిజం చెప్పాలంటే రెండో వయొలిన్ పట్టిన తనే ఆ కుక్కతనంలో అందరికన్నా తక్కువనీ ముసలితనంలో ఆ ప్రతి మీదే గిలికాడు. పుట్టినరోజు కచేరీ వేసేవాళ్లకు ఇంతకన్నా మంచి ఎత్తుగడ దొరకదు. అయినా ఎందుకో చాలామంది వీటిని వదిలేసి సరాసరి 'బార్బర్' ఎత్తుకుంటారు.

ఓవర్చర్లన్నీ ఒపెరాతో సంబంధం లేనివే అంటే అది తప్పు. వయసు పెరిగేకొద్దీ ఆయన ఆ తలుపును ఇంటికి తగినట్టు చెక్కడం మొదలెట్టాడు. 1817లో మిలాన్‌లోని లా స్కాలాలో ఆడిన 'లా గాజా లాద్రా'లో యజమాని ఇంట్లో వెండి చెంచా పోయిందని పనిపిల్ల మీద నేరం మోపి ఉరి దాకా తీసుకెళ్తారు. దొంగ మాత్రం ఓ పక్షి. కాకి జాతిదే, మెరిసేది కనిపిస్తే ఎత్తుకుపోతుందని పేరుపడ్డ మాగ్‌పై. ఓవర్చర్ సైనికుల చిన్న డ్రమ్ము గలగలతో మొదలవుతుంది. వాద్యకారులకు వీలుంటే రెండు డ్రమ్ములను వేదికకు చెరో వైపు పెడతారు, గలగల ఈ చెవి నుంచి ఆ చెవికి దూకుతుంది. వినడానికి సర్కస్‌లా సరదాగా ఉంటుంది. ఆ డ్రమ్ము వెనక సిపాయిలూ ఉరికంబమూ ఉన్నాయని కథ తెలిసినవాళ్లకే తడుతుంది. 1823లో వెనిస్‌కు రాసిన 'సెమిరామీదే' ఓవర్చర్‌లో నాలుగు హార్న్‌లు మెల్లగా, ప్రార్థనలా ఎత్తుకునే వరస ఒపెరా లోపలి నుంచి వచ్చిందే. హార్న్ వాయించేవాడి కొడుకు రాసినట్టే ఉంటుంది అది.

'విలియం టెల్' సంగతి వేరు. 1829 ఆగస్టు 3న పారిస్‌లో ఆడిన ఈ చివరి ఒపెరా ఓవర్చర్‌లో పాత అచ్చు కనిపించదు. నాలుగు భాగాలు, పన్నెండు నిమిషాల చిల్లర. దీన్ని నాలుగు భాగాల సింఫనీ అన్నవాడు ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్. మొదట మోత లేదు. ఐదు చెల్లోలు, ఒక్కొక్కటీ విడిగా తన సొంత వరసలో, ఆల్ప్స్ కొండల్లో తెల్లవారుతున్నట్టు పాడతాయి. గాయకుల కోసం బతికిన మనిషి చివరికి గాయకుల పనిని చెల్లోలకు అప్పగించాడనిపిస్తుంది. తర్వాత తుపాను. తుపాను వెలిశాక కోర్ ఆంగ్లే అనే గాలి వాద్యం మీద స్విస్ పశువుల కాపరుల పిలుపు, దాని చుట్టూ పిట్టలా తిరిగే ఫ్లూట్. ఆపైన ట్రంపెట్ల కేక, గుర్రాల దౌడు. ఆ చివరి మూడు నిమిషాలను 1930ల్లో అమెరికా రేడియోలో ఓ ముసుగు గుర్రపు వీరుడి నాటకం ఎత్తుకుపోయింది. రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ 1971లో రాసిన తన చివరి సింఫనీలో ఆ దౌడునే బొమ్మల దుకాణంలోంచి వినిపించినట్టు పెట్టాడు. ఒపెరా మాత్రం పూర్తిగా ఆడితే నాలుగు గంటలు. పతాకస్థాయి స్వరాలు గుప్పించాల్సిన టెనర్ (పైస్థాయి మగ గొంతు) పాత్రకు తగిన గొంతు దొరకడం కష్టం కాబట్టి అరుదుగా ఆడతారు. పన్నెండు నిమిషాల ముందుమాట లోకమంతా తిరిగింది, నాలుగు గంటల పుస్తకం బీరువాలో ఉండిపోయింది.

పుట్టినరోజు కచేరీలతో ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఓవర్చర్లు మాత్రమే వరసగా వాయించే కార్యక్రమం, పెళ్లి భోజనంలో అప్పడాలూ వడియాలూ తిని చెయ్యి కడుక్కోవడం లాంటిది. కరకరలాడతాయి, కాదనలేం. కానీ నాలుగో క్రెషెండో దగ్గరికి వచ్చేసరికి తర్వాత ఏం జరుగుతుందో ముందు వరసలోని పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. నిర్వాహకులు ఈ దారి పట్టడానికి సంగీతం మీద ప్రేమతో పాటు లెక్కలూ కారణమే. గాయకులకు విడిగా పారితోషికం ఇవ్వాలి, బృందగానానికి రిహార్సళ్లు కావాలి. ఓవర్చర్లకైతే అవేవీ అక్కర్లేదు. ఆర్కెస్ట్రాల్లో ఉద్యోగానికి జరిగే పరీక్షల్లోనే ఇవి సగం వినిపిస్తాయి. ఓబో వాళ్లకు 'లా స్కాలా ది సేతా', పికొలో అనే చిన్న ఫ్లూట్ వాళ్లకు 'సెమిరామీదే', డ్రమ్ము వాళ్లకు 'లా గాజా లాద్రా', చెల్లోలకూ కోర్ ఆంగ్లేకూ 'విలియం టెల్'. నిద్రలో లేపి అడిగినా వాయిస్తారు.

ఈ పద్ధతిలో కనిపించకుండా పోయేది గంభీరమైన రొస్సీని. 1815 నుంచి 1822 దాకా నేపుల్స్‌లో, తర్వాత తన భార్య అయిన ఇసబెల్లా కోల్‌బ్రాన్ గొంతు కోసం ఆయన రాసిన ఒపెరాల్లో నవ్వు తక్కువ. 'ఒతెల్లో', 'అర్మీదా', 'ఎర్మియోనే', 'లా దొన్నా దెల్ లాగో'. వీటిలో కొన్నింటికి ఓవర్చర్ అన్నదే సరిగా లేదు, మొదటి స్వరం నుంచే నాటకం మొదలైపోతుంది. కాబట్టి కత్తిరించి కచేరీకి తెచ్చుకునే ముక్క దొరకదు. దొరకదు కాబట్టి పుట్టినరోజు నాడు వాటి ఊసే ఉండదు. 'ఎర్మియోనే' 1819లో దెబ్బతిన్నాక రంగస్థలం మీద మళ్లీ పూర్తిగా కనిపించడానికి 1987 దాకా పట్టింది, అదీ పెసారోలోనే. ఆ ఊరికి రొస్సీని రాసిచ్చిన ఆస్తితో 1882లో సంగీత పాఠశాల తెరిచారు. ఆయన పేరున నడిచే సంస్థ తప్పులు తొలగించిన స్వరపత్రాలు ప్రచురించడం మొదలుపెట్టింది. అల్బెర్తో జెద్దా, ఫిలిప్ గోసెట్ లాంటి పండితులు చేతిరాత ప్రతులతో పోల్చి, నూటయాభై ఏళ్లుగా పేరుకున్న చేర్పులూ మార్పులూ ఒలిచేశారు. 1980 నుంచి ప్రతి వేసవిలో జరుగుతున్న రొస్సీని ఒపెరా ఉత్సవం ఆ ప్రతులకు ప్రయోగశాల అయింది. 1825లో ఫ్రాన్సు రాజు పట్టాభిషేకానికి రాసి, కొద్ది ఆటలకే రొస్సీని వెనక్కి తీసుకున్న 'ఇల్ వియాజ్జో ఎ రెమ్స్' ముక్కలను ఏరి కూర్చి, 1984లో కండక్టరు క్లావుదియో అబ్బాదో మళ్లీ నిలబెట్టింది అక్కడే.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడిందేమీ కాదు. కొద్దిమంది గాయకులు, ఓ మోస్తరు బృందగానం ఉంటే మోషే ప్రవక్త కథ మీది ఒపెరా 'మోజే'లోని ప్రార్థన చేయొచ్చు. దిగులుగా వినిపించే మైనర్ శ్రుతిలో మొదలైన ఆ ప్రార్థన చివర్లో వెలుగు నిండిన మేజర్ శ్రుతిలోకి మారే క్షణానికి ఏ క్రెషెండో సాటిరాదు. 'విలియం టెల్' ముగింపు బృందగానం కూడా అలాంటిదే, మబ్బు విడిపోయాక వెలుగు పరుచుకున్నట్టు. రెంటిలోనూ శబ్దం పెరుగుతుంది, కానీ నవ్వించడానికి కాదు. 1992 ఫిబ్రవరి 29న, 200వ పుట్టినరోజుకు న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో రోజర్ నోరింగ్టన్ నడిపిన కచేరీకి ఆర్కెస్ట్రాతో పాటు మేరిలిన్ హోర్న్, శామ్యూల్ రేమీ లాంటి గాయకుల దండునే పిలిచారు. గాయకులు బొత్తిగా కుదరనప్పుడు ఇంకో దారి కూడా ఉంది. రొస్సీని ముసలితనంలో సరదాకు రాసుకున్న పియానో ముక్కలను ఇటలీ స్వరకర్త రెస్పీగీ 1919లో బాలే కోసం ఆర్కెస్ట్రాకు మార్చాడు. 1930ల్లో ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ అలాంటి పనే చేశాడు. అవి సగం రొస్సీని, సగం వాళ్లు. అప్పడాల కన్నా నయం.

ఇలాంటి స్మారక కచేరీల మీద అందరికన్నా కచ్చితమైన అభిప్రాయం ఉన్నవాడు వెర్దీ. రొస్సీని పోయిన నాలుగైదు రోజులకే ఆయన ఓ ప్రతిపాదన పెట్టాడు. ఇటలీ స్వరకర్తలు తలో భాగం రాసి ఒక మాస్, అంటే కేథలిక్ చర్చి ప్రార్థనకు సంగీతం, తయారు చేయాలి. మొదటి వర్ధంతి నాడు బొలోన్యాలో ఒక్కసారి వినిపించాలి. తర్వాత ముద్ర వేసి సంగీత పాఠశాల భాండాగారంలో పెట్టేయాలి. ముందు తరాలు ఆయన వార్షికోత్సవాలు చేయాలనుకుంటే తప్ప బయటికి తీయకూడదు. డబ్బు కోసం తిప్పకూడదనే ఈ షరతు. పదమూడు మంది రాశారు కూడా. ఊరి రాజకీయాలతో, థియేటరు పేచీలతో, 1869 నవంబరులో గడువుకు కొద్ది రోజుల ముందు అంతా ఆగిపోయింది. వెర్దీ తన వంతు భాగాన్ని అయిదేళ్ల తర్వాత తన 'రెక్వియెం'లో కలుపుకున్నాడు. అంటే వెర్దీ పుట్టినరోజులకు ఇప్పుడు వాయిస్తున్న రచనకు విత్తనం రొస్సీని స్మారకంలో పడింది. మిగతాది 1988లో స్టుట్‌గార్ట్‌లో గానీ ఎవరూ వినలేదు. 1892లో రొస్సీని శతజయంతికి మిలాన్‌లో 'మోజే' ప్రార్థనను నడిపించడానికి 78 ఏళ్ల వెర్దీ స్వయంగా కర్ర పట్టుకున్నాడు. ఓవర్చర్ కాదు, ప్రార్థన.

రొస్సీని పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకు జరిగిన కచేరీని ఎక్కువమంది గుర్తు చేసుకోరు. 'విలియం టెల్' తర్వాత 39 ఏళ్లు బతికినా ఆయన మళ్లీ ఒపెరా రాయలేదు. అంతకుముందు రాసినవీ లెక్కకు 39. చివరి రోజుల్లో పారిస్‌లో, పన్నెండు గొంతులకు, రెండు పియానోలకు, ఓ హార్మోనియానికి 'పెతీత్ మెస్ సొలనెల్' ('చిన్న గంభీర మాస్') రాశాడు. పేరులో చిన్నది, పాడితే గంటకు పైనే. 1864 మార్చిలో ఓ ధనిక కుటుంబం ఇంట్లో, పిలిచినవాళ్ల మధ్య అది జరిగింది. తను పోయాక సాక్సఫోన్ కనిపెట్టిన ఏ సాక్సో సాక్సఫోన్లు పెట్టి, ఏ బెర్లియోజో పెద్ద వాద్యబృందం పెట్టి తన కొద్దిపాటి గొంతులనూ చంపేస్తారని భయపడి, 1867లో తనే దాన్ని ఆర్కెస్ట్రాకు మార్చాడు. మార్చి, బీరువాలో పెట్టేశాడు. చర్చిలో ఆడవాళ్లు పాడటానికి అనుమతి ఇమ్మని పోపు తొమ్మిదో పియస్‌కు అంతకుముందే విన్నవించుకున్నాడు. మెచ్చుకోళ్లు వచ్చాయి గానీ అనుమతి రాలేదు.

1869 లీపు ఏడాది కాదు. ఫిబ్రవరి చివర్లో, బతికి ఉంటే వచ్చే 77వ పుట్టినరోజుకు వీలైనంత దగ్గరగా, పారిస్‌లోని సాల్ వాంతదూర్‌లో ఆ మాస్‌ను ఆర్కెస్ట్రాతో తొలిసారి వినిపించారు. చర్చి కాదు, ఒపెరా థియేటరు. కాంట్రాల్టో (ఆడ గొంతుల్లో కింది స్థాయిది) భాగం పాడటానికి మరియెత్తా అల్బోనీ వచ్చింది. చిన్నప్పుడు బొలోన్యాలో ఆయన దగ్గర కూర్చుని పాఠం నేర్చుకున్న పిల్ల ఆమె. కొన్నేళ్ల క్రితమే వేదిక దిగిపోయిన ఆ గాయని మళ్లీ ఎక్కింది. మాస్ చివరి భాగం, 'ఆన్యుస్ దేయి', కాంట్రాల్టోదే.